పట్టు ఆయిల్‌లో ఉందా, ఇనుములో ఉందా?

అందరికీ నమస్కారం. సొంత బండికి సొంతంగా పని చేసుకోవాలని ఇష్టపడేవాళ్లు ఇంతమంది ఒకచోట కూర్చోవడం చూస్తే నాకు చాలా సంతోషంగా ఉంది. ఈ రోజు నాకిచ్చిన సమయమంతా ఒక్క సమస్య మీదే మాట్లాడతాను.

బ్రేకులకు కొత్త ప్యాడ్లు వేశారు. కొత్త డిస్కులు వేశారు. అన్నీ సరిగ్గా బిగించామనుకుని బండి బయటికి తీశారు. నాలుగైదు కిలోమీటర్లు పోయేసరికి బండి బరువెక్కింది. యాక్సిలరేటర్ వదిలితే కాసేపు అలా జారిపోవాల్సిన బండి, వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టు ఆగిపోతోంది. దిగి చూస్తే మాడు వాసన. ఒక చక్రం దగ్గర చెయ్యి పెట్టకముందే సెగ తగులుతోంది. బ్రేక్ ఉడుంపట్టు పట్టేసింది.

అప్పుడు పుట్టే టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. పాతవాటితో బండి బాగానే నడిచింది కదా, ఎందుకు ముట్టుకున్నాను అనిపిస్తుంది. ఆ కంగారులో చాలామంది చేసే పని, ఏదో ఒక సామాను కొనేయడం. చక్రంతోపాటు తిరిగే డిస్కుకు ప్యాడ్లను నొక్కే కాలిపర్ మారుస్తారు, తగ్గదు. దానికి ఆయిల్ తెచ్చే రబ్బరు గొట్టం, అంటే హోస్ మారుస్తారు, తగ్గదు. పెడల్ తొక్కితే ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్ దాకా వెళ్తారు. రోగం ఏమిటో తెలియకుండా మందులు మింగినట్టు ఉంటుంది ఆ వ్యవహారం. అందుకే మీకు గట్టిగా చెబుతున్నాను, ఒక్క సామాను కూడా కొనకముందు ఒక్క ప్రశ్నకు జవాబు తెలుసుకోండి. చక్రాన్ని పట్టుకున్నది బ్రేక్ ఆయిల్‌లో చిక్కుకున్న ఒత్తిడా, లేక ఇనుము ఇనుముకు బిగుసుకోవడమా? ఈ జవాబు తెలుసుకోవడానికి ఒక స్పానర్, ఒక గొట్టం, ఒక సీసా చాలు.

దానికి ముందు, ఎంత రాపిడి మామూలో ఎంత కాదో తేల్చుకుందాం. డ్రమ్ బ్రేకులో షూలను వెనక్కి లాగడానికి గట్టి స్ప్రింగులుంటాయి. చాలా కార్ల డిస్క్ బ్రేకులో అలాంటివి ఉండవు. కాలిపర్‌లో ప్యాడ్‌ను తోసే పిస్టన్ చుట్టూ చదరపు అంచులున్న రబ్బరు రింగు ఒకటి ఉంటుంది. దాన్నే సీల్ అంటాం. పెడల్ తొక్కినప్పుడు పిస్టన్ ముందుకు వస్తూ ఆ రబ్బరును కాస్త మెలితిప్పుతుంది. పెడల్ వదలగానే రబ్బరు తన ఆకారానికి తిరిగి వస్తూ పిస్టన్‌ను తనతోపాటు వెనక్కి తీసుకుపోతుంది. ఎంత వెనక్కి? వెంట్రుకవాసి. మిల్లీమీటరులో చిన్న భాగం. ఆ వెంట్రుకవాసి సందే మీ చక్రాన్ని స్వేచ్ఛగా తిరగనిస్తుంది. ఆయిల్ కారకుండా ఆపేదీ ఆ రింగే, పిస్టన్‌ను వెనక్కి తెచ్చేదీ ఆ రింగే. అంత చిన్న రబ్బరు ముక్క అంత పని చేస్తుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కాబట్టి కొత్త ప్యాడ్లు డిస్కుకు తేలిగ్గా రాసుకుంటూ సన్నగా 'స్‌స్' మనడం తప్పేమీ కాదు. చక్రం లేపి చేత్తో తిప్పితే ఆ శబ్దంతోనే తిరుగుతుంది, మెల్లగా ఆగుతుంది. ముందు చక్రాలకు ఇంజన్ శక్తి వెళ్లే బండి అయితే యాక్సిల్ బరువు కూడా చేతికి తెలుస్తుంది. అది బ్రేక్ అనుకుని కంగారుపడకండి. ఒక చక్రం తిప్పి చూసి తీర్పు చెప్పొద్దు, కుడి ఎడమలు రెండూ తిప్పి పోల్చండి. రెండు చేతులతో బలంగా లాగితే తప్ప కదలకపోయినా, బండి నడిపాక ఒక చక్రం రెండోదానికంటే చాలా ఎక్కువ వేడెక్కినా, అది జబ్బే. దూరం నుంచి వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే రెండు డిస్కుల మీదా చూపించండి. లేకపోతే అరచెయ్యి దగ్గరగా పెట్టి సెగ చూడండి, ముట్టుకోకండి.

ఇప్పుడు పరీక్ష ఎలా చేయాలో చెబుతాను. బండి చదునైన నేల మీద ఉండాలి. నేల మీద ఉండే చక్రాలకు అడ్డం పెట్టండి. జాకీతో లేపాక తప్పకుండా స్టాండ్ పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద చెయ్యి పెట్టొద్దు, ఈ మాట విషయంలో నేను ఎవరి దగ్గరా మొహమాటపడను. గేరు న్యూట్రల్‌లో ఉంచి పెడల్ నాలుగైదు సార్లు తొక్కించి వదిలించండి. చక్రం తిప్పండి. పట్టేసి ఉందా? ఇప్పుడు కాలిపర్ వెనక, ఆయిల్ బయటికి వదలడానికి ఉన్న బ్లీడర్ నిపుల్‌కు గొట్టం తొడిగి, రెండో కొస సీసాలో పెట్టి, నిపుల్‌ను అర చుట్టు తిప్పండి.

ఆయిల్ చివ్వున చిమ్మి, చక్రం వెంటనే వదులైతే ఒత్తిడి ఆయిల్‌లో చిక్కుకుంది. తప్పు హోస్‌లోనో, పైన మాస్టర్ సిలిండర్ వైపో ఉంది. ఆయిల్ బొట్టు బొట్టుగా నెమ్మదిగా జారి, చక్రం అలాగే బిగుసుకుని ఉంటే తప్పు ఇనుములో ఉంది. అంటే పిస్టన్, కాలిపర్ జారే స్లైడ్ పిన్నులు, ప్యాడ్లు, వాటిని పట్టి ఉంచే బ్రాకెట్, డిస్క్, వీటిలో ఎక్కడో. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాకే పట్టేసే బండి అయితే, నడిపి, పట్టేసిన స్థితిలోనే ఈ పరీక్ష చేయాలి. జ్వరం లేనప్పుడు జ్వరం కొలిచి లాభం లేదు. చేతులు కాలకుండా గట్టి గ్లవ్స్ వేసుకోండి.

ఈ మధ్య ఒక కుర్రాడు తన బండి తెచ్చాడు. "అన్నా, కాలిపర్ కొత్తది వేశాను, హోస్ కూడా కొత్తదే. అయినా ఎడమ చక్రం పట్టేస్తోంది. ఇంకేం మార్చాలి?" అన్నాడు. "ఇప్పుడేమీ మార్చొద్దు తమ్ముడూ, ముందు చక్రం లేపు" అన్నాను. లేపాం. నిపుల్ వదులు చేశాం. రెండు బొట్లు జారాయి, చక్రం మాత్రం కదల్లేదు. అంటే అతను మార్చిన హోస్‌కూ ఈ జబ్బుకూ సంబంధమే లేదు. కాలిపర్ విప్పి పక్కకు తీశాం. అయినా డిస్క్ కదల్లేదు! కాలిపర్ లేదు, పిస్టన్ లేదు, మరి ఎవరు పట్టుకున్నట్టు? ప్యాడ్లు వాటంతటవే బ్రాకెట్‌లో ఇరుక్కుపోయి డిస్కును పట్టుకున్నాయి. చేత్తో లాగితే రాలేదు. సుత్తితో చిన్నగా తట్టి తీయాల్సి వచ్చింది.

బ్రాకెట్‌లో ప్యాడ్ చెవులు కూర్చునే చోట పల్చటి స్టీలు క్లిప్పు ఉంటుంది. అతను ప్యాడ్లతో వచ్చిన కొత్త క్లిప్పులే వేశాడు, మంచి పనే. కానీ ఆ క్లిప్పు తీసి చూస్తే కింద తుప్పు పొరలు పొరలుగా ఉబ్బి ఉంది. గోటితో గీరితే పెచ్చులుగా ఊడింది. ఆ ఉబ్బు క్లిప్పును పైకి తోసింది, క్లిప్పు ప్యాడ్ చెవిని నొక్కేసింది. పాత ప్యాడ్లు ఆ ఇరుకులోనే రాసుకుని రాసుకుని దారి చేసుకున్నాయి. కొత్త ప్యాడ్ కొలత సరిగ్గా ఉంది, దానికి చోటు చాల్లేదు. వైర్ బ్రష్‌తో, చదును ఆకురాయితో ఆ నాలుగు చోట్లా తుప్పు మాత్రమే గీకి, అసలు ఇనుము కనబడేదాకా శుభ్రం చేశాం. క్లిప్పులు మళ్లీ కూర్చోబెట్టి ప్యాడ్ పెడితే చూపుడువేలితో నెడితే జారింది. అంతే, చక్రం తిరిగింది. ఆ కుర్రాడి ముఖం చూడాలి అప్పుడు.

ప్యాడ్ వేలితో నెడితే జారాలి. ఈ ఒక్కటి పట్టించుకుంటే సగం ఇబ్బందులు రావని నా అనుభవం. తుప్పు లేకపోయినా కొన్ని కొత్త ప్యాడ్ల చెవుల మీద పెయింటు మందంగా పేరుకుని ఉంటుంది. ఆ పెయింటు వరకు గీకేయండి, లోహం జోలికి పోకండి. ఇంకో పొరపాటు కూడా చూస్తుంటాను. కొత్త ప్యాడ్ వెనక షిమ్ అనే పల్చటి రేకు అతికించే వస్తుంది. పాత ప్యాడ్‌కు ఉన్న షిమ్ పారేయడం ఎందుకని దాన్నీ దీని మీద తొడుగుతారు. ఆ రెండో రేకు మందం మనకు లెక్కలోకి రాదనిపిస్తుంది, కానీ వెంట్రుకవాసి సందులో అది పెద్ద కొండ.

స్లైడ్ పిన్నుల సంగతి. ఒకే వైపు పిస్టన్ ఉండే కాలిపర్ ఈ రెండు పిన్నుల మీద అటూ ఇటూ జారుతూ పనిచేస్తుంది. పిన్ను ఎండిపోయి బిగుసుకుంటే బయటి ప్యాడ్ డిస్కును వదలదు. పిన్నును బయటికి తీసి తుడిచి, రబ్బరు బూటు చిరిగిందేమో చూసి, బ్రేకుల కోసమే తయారైన సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. చేతికందిన మామూలు గ్రీజు రాయకండి, పెట్రోలియంతో చేసిన గ్రీజు తగిలితే ఆ రబ్బరు ఉబ్బుతుంది. రంధ్రం నిండా గ్రీజు కుక్కినా ఇబ్బందే, పిన్ను లోపలికి వెళ్లే దారిలేక తిరిగి బయటికి తన్నుకొస్తుంది.

చాలా బండ్లలో రెండు పిన్నులూ ఒకేలా ఉండవు. ఒకదాని కొసన చిన్న రబ్బరు తొడుగు ఉంటుంది. ఏది పైన, ఏది కింద అన్నది బండి మాన్యువల్‌లో ఉంటుంది. పని నేర్చుకుంటున్న రోజుల్లో నేను ఆ రెండూ తారుమారు చేశాను. విప్పేటప్పుడు గుర్తు పెట్టుకోలేదు. నెల తిరక్కముందే ఆ బండి తిరిగొచ్చింది, ప్యాడ్ ఏటవాలుగా అరిగిపోయి. ఆ బండి యజమాని మళ్లీ ప్యాడ్లు వేయించుకోవాల్సి వచ్చింది. ఆ బాధతోనే అప్పటినుంచి విప్పిన ప్రతి పిన్నునూ దాని వైపు గుర్తు రాసిన కాగితం మీద పెడుతున్నాను. ఇప్పుడు మీ చేతుల్లో ఫోన్లున్నాయి, విప్పకముందే ఫొటో తీసుకోండి.

పాత ప్యాడ్లను వెంటనే పారేయకండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి బాగా అరిగి రెండోది మందంగా ఉన్నా, ఒకే ప్యాడ్ ఒక కొసన అరిగి ఇంకో కొసన మిగిలినా, జబ్బు మీ చెయ్యి పడకముందే ఉందన్నమాట. కొత్త ప్యాడ్ మందం వల్ల అది ఇప్పుడు బయటపడింది.

పిస్టన్ విషయానికి వద్దాం. ప్యాడ్లు అరిగే కొద్దీ పిస్టన్ బయటికి వచ్చి నిలబడుతుంది. కొత్త ప్యాడ్లు వేయాలంటే దాన్ని లోపలికి నెట్టాలి. బయట ఉన్నంత కాలం దాని మీద తుప్పు పట్టి ఉంటే, ఆ తుప్పు భాగం ఇప్పుడు సీల్ లోపలికి వెళ్లి అక్కడే బిగుసుకుంటుంది. అందుకే సి-క్లాంప్‌తో నెట్టేటప్పుడు చేతికి ఏం తెలుస్తోందో గమనించండి. నెమ్మదిగా, ఒకే ఒత్తిడితో వెళ్తే మంచిది. ఆగి ఆగి, కిరకిరమంటూ వెళ్తే ఆ కాలిపర్‌కు మరమ్మతు కావాలి. నెట్టేటప్పుడు నిపుల్ కొంచెం తెరిచి ఆ మురికి ఆయిల్‌ను సీసాలోకి పోనివ్వండి, పైన, చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే ఏబీఎస్ వైపు తోయడం ఎందుకు? పని అయ్యాక బండి కదిలించకముందు పెడల్ గట్టిపడేదాకా నెమ్మదిగా తొక్కండి. ఇది మరిస్తే మొదటి బ్రేకుకు బండి ఆగదు.

డిస్క్ గురించి రెండు ముక్కలు. కొత్త డిస్కుకు పూసిన ఆయిల్‌ను బ్రేక్ క్లీనర్‌తో తుడవాలి. డిస్కు కూర్చునే హబ్ ముఖం మీద తుప్పు తీయకుండా డిస్క్ పెడితే అది వంకరగా కూర్చుంటుంది. చక్రం తిప్పితే ప్రతి చుట్టులోనూ ఒకేచోట రాసుకుంటుంది. మిల్లీమీటరులో పదో వంతు వంకర కూడా చాలా బండ్లకు ఎక్కువే.

ఇక నిపుల్ తెరవగానే చక్రం వదులైన బండి. ఒకే చక్రం అయితే నా అనుమానం ముందు హోస్ మీదకు పోతుంది. పైకి నిగనిగలాడుతున్నా లోపలి పొర ఊడి తలుపులా వేలాడుతుంది. కాలు బలంగా తొక్కితే ఆయిల్ దాన్ని తోసుకుని లోపలికి వెళ్తుంది, తిరిగి రావడానికి అంత బలం ఉండదు, తలుపు మూసుకుంటుంది. ప్యాడ్ల పని తర్వాతే ఇది ఎందుకొస్తుందంటే, కాలిపర్ విప్పి హోస్ మీద వేలాడదీశారు గనుక. అంత బరువు మోయడానికి కాదు ఆ గొట్టం ఉన్నది. ఒక తీగతో కాలిపర్‌ను సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టండి. తిరిగి బిగించేటప్పుడు హోస్ మెలి తిరగలేదని చూసుకోండి. హోస్ తప్పే అని తేల్చుకోవాలంటే, పట్టేసినప్పుడు హోస్ పైకొస స్టీలు పైపును కలిసే చోట నట్టు వదులు చేయండి. అక్కడ వదులు చేసినా చక్రం పట్టే ఉండి, కింద నిపుల్ తెరిస్తే వదిలిందంటే దొంగ ఆ మధ్యలోనే ఉన్నాడు.

రెండు ముందు చక్రాలో నాలుగు చక్రాలో కలిసి పట్టేస్తే మాత్రం కాలిపర్ల దగ్గర వెతకొద్దు, పైకి రండి. మాస్టర్ సిలిండర్‌లో ఒక చిన్న రంధ్రం ఉంటుంది. పెడల్ పూర్తిగా వదిలినప్పుడు ఆ రంధ్రం తెరుచుకుని, వేడికి వ్యాకోచించిన ఆయిల్ పైనున్న ఆయిల్ డబ్బాలోకి, అంటే రిజర్వాయర్‌లోకి తిరిగి వెళ్తుంది. పెడల్ తోపును సిలిండర్‌కు చేర్చే పుష్‌రాడ్ సర్దుబాటు కాస్త ఎక్కువైనా, బ్రేక్ లైట్ స్విచ్ పెడల్‌ను వెనక్కి రానివ్వకపోయినా, ఆ రంధ్రం మూసుకునే ఉంటుంది. నడిపే కొద్దీ ఆయిల్ వేడెక్కుతుంది, పోయే దారి లేదు, ఒత్తిడి పెరుగుతుంది, బ్రేకు తనంతట తానే పడుతుంది. పెడల్ పైకొచ్చి రాయిలా గట్టిపడుతుంది. అరగంట ఆపితే చల్లారి మళ్లీ మామూలవుతుంది. ఈ లక్షణం కనబడితే ఇంజన్ ఆపి, మాస్టర్ సిలిండర్‌ను, కాలి బలాన్ని పెంచే బూస్టర్‌కు పట్టి ఉంచే రెండు నట్లు వదులు చేసి, సిలిండర్‌ను రెండు మిల్లీమీటర్లు ముందుకు జరపండి. చక్రాలు వదిలాయా? అయితే మాస్టర్ సిలిండర్ మంచిదే, దాని వెనక పుష్‌రాడ్, బూస్టర్, పెడల్ చూడాలి.

వెనక చక్రాలకు తీరు వేరు. హ్యాండ్ బ్రేక్ కేబుల్ కాలిపర్‌కే తగిలించి ఉంటే, చాలా బండ్లలో పిస్టన్‌ను నెట్టకూడదు, తిప్పుతూ లోపలికి పంపాలి. క్లాంప్ వేసి బలవంతంగా నెడితే లోపలి స్క్రూ సర్దుబాటు పాడవుతుంది. పిస్టన్ ముఖం మీద గాడి ఉంటే, ప్యాడ్ వెనక ఉన్న చిన్న బుడిపె అందులో కూర్చోవాలి. హ్యాండ్ బ్రేక్ దించాక కాలిపర్ మీది లివర్ తన ఆపు దాకా పూర్తిగా వెనక్కి రావాలి. రాకపోతే కేబుల్ లాగి పట్టుకుంది. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న బండిని మరమ్మతు కోసం ఇచ్చిన సర్వీస్ మోడ్‌లో పెట్టకుండా ముట్టుకోవద్దు. డిస్కు గిన్నె లోపలే హ్యాండ్ బ్రేక్ షూలు ఉండే బండిలో, కొత్త డిస్కు లోపలి గోడ అరిగి ఉండదు కాబట్టి షూలు రాసుకుంటాయి. నక్షత్రంలా పళ్లున్న అడ్జస్టర్‌ను కొన్ని పళ్లు వెనక్కి తిప్పాలి.

ఒక చీటీ వచ్చింది. "కొంచెం పట్టినా పరవాలేదు, ప్యాడ్లు అవే అరిగి సర్దుకుంటాయి అంటారు, నిజమేనా?" అని అడిగారు. సన్నటి రాపిడి అయితే నిజమే, సర్దుకుంటుంది. చక్రం వేడెక్కేంత పట్టు అయితే ఒక్క రోజు కూడా నడపొద్దు. మనం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది ఇంజన్ ఆయిల్ జాతి కాదు, గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్‌కు నిర్దేశించిన కనీస మరుగు స్థానం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్, తేమ పట్టాక 155. డాట్ 3 అయితే 205, 140. పట్టేసిన డిస్కు అంతకంటే ఎక్కువ వేడెక్కి, ఆ వేడిని కాలిపర్‌లోకి పంపగలదు. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, బుడగ నొక్కుకుపోతుంది, పెడల్ నేల దాకా పోతుంది. ఇందాకటిదాకా వదలనన్న బ్రేకు అప్పుడు అసలు పట్టదు.

రిజర్వాయర్‌లో పొరపాటున పవర్ స్టీరింగ్ ఆయిల్‌లాంటిది పోసినా నాలుగు చక్రాలూ పట్టేస్తాయి. మూత కింద రబ్బరు ఉబ్బి ముడతలు పడి తిరిగి లోపల కూర్చోనంటుంది, అదే గుర్తు. అప్పుడు ఆయిల్ మార్చి ఊరుకుంటే చాలదు, అది తగిలిన రబ్బరంతా మార్చాలి. సీల్స్‌ను పెట్రోలుతో, కిరోసిన్‌తో కడిగినా ఇదే గతి.

పైపు నట్టు గానీ నిపుల్ గానీ ఎక్కడ తెరిచినా చివర్లో ఆయిల్‌లో చేరిన గాలి తీయడం మరవకండి.

బల్ల మీద రెండు బ్రాకెట్లు పెట్టాను. ఎడమది తుప్పు గీకనిది, కుడిది గీకినది. ప్యాడ్లు రెండింటికీ ఒకే రకం. వరసగా వచ్చి, రెండింటిలోనూ ప్యాడ్‌ను చూపుడువేలితో నెట్టి చూడండి. తొందరేమీ లేదు, అందరూ చూసేదాకా నేను ఇక్కడే ఉంటాను.